రుచి చూడటం తినడం కాదు

చేపల గోదాములో ఆయన్ని అందరూ నాలిక మేస్త్రి అనేవారు. బుట్ట దిగగానే ఒక చేపను కోసి, పల్చటి పచ్చిముక్క నాలుకమీద పెట్టుకుని, కళ్లు మూసుకుని తీర్పు వెలువరించేవాడు. "మూడు రోజుల సరుకు. వెనక్కి పంపండి." పాతికేళ్లుగా ఆ తీర్పుమీద అప్పీలు లేదు.

ఆ ధర్మపీఠానికి మొదట ఎదురు తిరిగినవి పాదాలు. ఒక సాయంత్రం భార్య గుమ్మంలోనే ఆపింది.

"రెండో కాలి చెప్పు ఏదండీ?"

"కాలికే ఉందిగా."

"చూసి చెప్పండి."

చూశాడు. లేదు. ఏ వీధిలో జారిపోయిందో పాదం మాటమాత్రమైనా చెప్పలేదు.

తరువాత వేళ్లు. కత్తికి వేలు తెగిన సంగతి తెల్లటి చేపమీద ఎర్రగా కనబడ్డాకే తెలిసింది. కత్తి పట్టలేని మేస్త్రితో గోదాముకేం పని? అందుకే వేలికి గుడ్డ చుట్టి, "చలికి తిమ్మిరిలే" అంటూ ఏడాది నెట్టుకొచ్చాడు.

రెండు ఆస్పత్రులు తిరిగారు. షుగరా? లేదు. మందు తాగుతారా? లేదు. పచ్చి చేపలు తింటారా? "అబ్బే." ఇంట్లో ముక్క సరిగా ఉడక్కపోతే పళ్లెం పక్కకు తోసేసే మనిషి మరి.

మూడోచోట డాక్టరమ్మా అదే అడిగింది. అదే జవాబు. పక్కనున్న భార్య ఆగలేకపోయింది.

"మరి గోదాములో నోట్లో పెట్టుకునేదో?"

"అది తినడం కాదే. రుచి చూడటం."

"చూసి ఉమ్మేస్తారా?" అంది డాక్టరమ్మ.

"సరుకు తెచ్చినవాళ్ల ముందు ఉమ్మితే ఏం మర్యాదండీ? మింగేస్తాను."

"రోజుకెన్ని?"

"ఇరవై. సరుకు ఎక్కువుంటే ముప్పై."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

పేగులో బద్దెపురుగు కాపురం పెట్టి ఏళ్లయిందని పరీక్షలో తేలింది. నరాలకు చేరాల్సిన బీ12 విటమిన్‌ని ఆ మహానుభావుడే ఆరగిస్తున్నాడు, నరాలు పస్తులున్నాయి. "పురుగు మాత్రతో పోతుంది. ఇంజెక్షన్లు ఇస్తాం. స్పర్శ ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేను."

పురుగు పోయింది. ఆరు నెలలకు పాదాలు కొంత మేలుకున్నాయి. సోమవారం మేస్త్రి కత్తి పట్టి చూపించకపోతే ఆ పని మరొకరికిస్తానని యజమాని కబురు పెట్టాడు.

ఆదివారం పొద్దున భార్య ఎదురుగా కూర్చుంది. మేస్త్రి కళ్లు మూసుకుని చెయ్యి చాపాడు.

"ఇప్పుడు ఏ వేలు?"

"చూపుడు వేలు." అదే పాత తీర్పు గొంతు.

"ఇంకా ముట్టుకోలేదండీ."

మేస్త్రి కళ్లు తెరవలేదు. చెయ్యి ఇంకాస్త చాపి, "అయితే ముట్టుకో," అని స్పర్శ కోసం ఎదురుచూశాడు.

"ముట్టుకోమన్నప్పట్నుంచీ పట్టుకునే ఉన్నానండీ."