రాజ్యమత్త పట్టు

మొన్న మా అమ్మాయి స్నేహితులతో కృష్ణకి వెళ్ళొచ్చి, తడిబట్టల సంచిని బాత్రూం ముందు పడేసింది. విప్పగానే ఒండ్రుమట్టి వాసన గుప్పుమంది. బట్టలు నానబెట్టి వచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఆ వాసన తగిలితే నాకు ఒకచోట కాలు నిలవదు. రాజ్యమత్త గుర్తొస్తుంది.

మాచర్లలో మా పక్కింటావిడ. చుట్టరికం లేదు, పిలుపు మాత్రం అత్త. భర్తతో కలిసి కిరాణా కొట్టు నడిపేది. ఈత రాదు, నదంటే భయం. అయినా కార్తీకంలో వీధి ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఆటోల్లో కృష్ణ ఒడ్డున సత్రశాల రేవుకి స్నానాలకి తీసుకెళ్ళేది ఆవిడే. "మనం తీసకపోకపోతే చెప్పకుండా పోతారే, అది ఇంకా ప్రమాదం" అనేది. ఎవరూ నీళ్ళలో దిగకముందే చేపలు పట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, పైన డ్యాం నుంచి నీళ్ళు వదిలారా, ఎక్కడ లోతుంది అని అడిగేది. ఎవరో పగలగొట్టి పోయిన సీసాపెంకులు ఏరి సంచిలో వేసుకునేది. మాకు అదంతా నవ్వులాటగా ఉండేది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి అమ్మకి ఒంట్లో బాగాలేక, నన్నూ మా తమ్ముడు రవినీ అత్తకి అప్పగించింది. మోకాలిలోతు దాటొద్దని అత్త గట్టిగా చెప్పింది. కానీ ఒడ్డున విడిచిన చెప్పు నీళ్ళలోకి జారి కొట్టుకుపోతుంటే, రవి దానికోసం ముందుకెళ్ళాడు. కాలికింద రాయి జారింది. చూస్తుండగానే మెడదాకా మునిగి కొట్టుకుపోసాగాడు.

నాకూ ఈత రాదు. అయినా పరిగెత్తాను. అత్త వెనకనుంచి జడ పట్టి లాగి నన్ను ఇసుకలో పడేసింది.

"వదులత్తా! వాడు పోతున్నాడు!"

"నువ్వూ పోతావా? కదలమాక!" అని, గొంతు చించుకుని నదివైపు అరిచింది: "ఒరేయ్ రవీ! ఎల్లకిలా తిరుగు! కాళ్ళాడించు!"

నేను ఆవిడ చెయ్యి కొరికాను. రక్తమొచ్చింది, పట్టు వదల్లేదు. మిగతా ఆడవాళ్ళవైపు తిరిగి, "ఏమే, చూస్తారేంది! ఆరేసిన చీరలు ముడెయ్యండి. ఆ ఖాళీ క్యాను చివర కట్టి ఇసరండి. నీళ్ళలోకి మాత్రం ఎవరూ దిగమాకండి!" అంది. మొదట విసిరింది అందలేదు. మళ్ళీ విసిరారు, ప్రవాహం క్యానుని పక్కకి లాక్కుపోయింది. మూడోసారి విసిరినప్పుడు రవి క్యానుని వాటేసుకున్నాడు. ఆడవాళ్ళంతా ఇసుకలో చతికిలబడి లాగారు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో అత్త చేతికి కొంగు చుట్టుకుంది. ఇంటికి రాగానే, మేం నోరు తెరవకముందే, జరిగిందంతా తనే అమ్మకి చెప్పింది. మరుసటి కార్తీకంలో మళ్ళీ ఆటోలు పిలిచింది. ఈసారి కొట్లోంచి పొడవాటి తాడు కూడా తెచ్చింది.

నాకు పెళ్ళై, పాప పుట్టాక, ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"అత్తా, వాడు అందుకుంటాడని నీకు తెలుసా?"

"తెలవదే."

"అందుకోకపోతే?"

చేటలో కందిపప్పుని అటూ ఇటూ కదిపింది. "నిన్ను మాత్రం వదిలేదాన్ని కాదు" అంది.

ఆ మాటకి చేతులెత్తి దణ్ణం పెట్టాలో, కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ తేలలేదు. అత్త పోయి చాలాకాలమైంది. ఆ ఒడ్డున ఒకరిని పోగొట్టుకోవడానికి ఆవిడ సిద్ధపడే నన్ను పట్టుకుందన్న నిజం మాత్రం నాలో కుదురుకోదు. ఇప్పుడు ఏ రేవుకి వెళ్ళినా అందరూ నీళ్ళలో ఆడేవాళ్ళని చూస్తారు. నా కళ్ళు మాత్రం ఒడ్డున వెతుకుతుంటాయి. నీళ్ళలో ఉన్నవాళ్ళ కోసం ఎవరు దూకేలా ఉన్నారో, వాళ్ళ పక్కన వెళ్ళి నిలబడతాను.