కప్పలు అరవని చోటు

ఆఫీసులో అందరూ ఆయన్ని డెసిబెల్ బాబాయి అనేవారు. విమానాలు తయారుచేసే కంపెనీలకు ఉత్తరాలు రాసి, మీ విమానం ఎంత చప్పుడు చేస్తుందో చెప్పండి అని అడగడం ఆయన ఉద్యోగం. ప్రతి రకానికీ మూడు అంకెలు కావాలి: లేచేటప్పుడు ఎంత, పక్కన నిలబడి వింటే ఎంత, దిగేటప్పుడు ఎంత. అవన్నీ కూర్చి, ఏ విమానం ఏ పేట మీద ఏ వేళ ఎగరవచ్చో చెప్పే పుస్తకాన్ని ప్రభుత్వం తరఫున విమానాశ్రయాలకు పంపేవారు.

ఆయన గదికి కిటికీ ఉంది కానీ అది లిఫ్టు గోడ వైపు తెరుచుకుంటుంది. అక్కడ కూర్చునే ఆయన లోకంలోని విమానాలన్నిటినీ విన్నాడు, ఒక్కదాన్నీ చూడకుండా. తొంభై ఒకటి అని చదివితే చాలు, ఎక్కడో రేకుల కప్పు మీద వడగళ్లు పడేవి. ఎనభై ఐదంటే రెండు వీధుల అవతల పిండిమర. డెబ్బై ఆరు మరీ అరుదు; అది వచ్చిన రోజు కళ్లజోడు తీసి, పరుపు మీద పిల్లి నడిచినట్టుంది అని గొణుక్కునేవాడు. భోజనం తర్వాత అంకెలు కాగితాల మీంచి లేచి గదిలో తిరుగుతుంటాయనీ, బాబాయి వాటిని చేత్తో పట్టుకుని పేపర్‌వెయిట్ కింద పెడతాడనీ ప్యూను ఒట్టేసి చెబుతాడు. ప్యూను మాట ఎంతవరకు నమ్మాలో ఎవరిష్టం వాళ్లది.

ఇంట్లో ఆయనా అక్కయ్యా ఇద్దరే. చిన్నతనంలోనే తల్లి పోతే తమ్ముణ్ని ఎత్తుకుని పెంచిన మనిషి ఆవిడ. ఆ సంవత్సరం మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంటికైతే వచ్చింది గానీ నిద్రని ఆస్పత్రిలోనే మరిచిపోయి వచ్చింది. "రోజుకు కాసేపైనా ఒళ్లెరక్కుండా నిద్రపోకపోతే ఈవిడ కోలుకోదు" అని డాక్టరమ్మ తేల్చేసింది. అప్పట్నుంచి తమ్ముడికి అదొక్కటే దిగులు.

ఆదివారాలు ఇంట్లో ఉండి కనిపెట్టేవాడు. మధ్యాహ్నం అక్కయ్య పడుకునేది, దొర్లేది, సీలింగు చూసేది, "ఏరా, టైమెంతయింది?" అనేది. కునుకు లేదు. దొంగెవరో ఆయనకు వెంటనే తట్టింది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం పూట తమ డాబా మీంచి ఒక చిన్న టపా విమానం పోతుందని, ఆ మోతకు గూట్లో గ్లాసులు మాట్లాడుకుంటాయని పక్కింటి టైలరు చెప్పాడు. వారమంతా అలా అదరగొడితే ఆదివారం మాత్రం నిద్రెక్కడిది?

ఆ విమానం అంకెలు ఇంకా ఆయన బల్ల మీదికి రాలేదు. గడువులోగా అంకెలు రాని విమానాన్ని అన్నిటికన్నా మోత ఎక్కువున్న తరగతిలో వేయడం ఆఫీసు పద్ధతి. అంటే ఇక ఏ వేళా ఇళ్ల మీద ఎగరకూడదు, ఊరి బయట నుంచి తిరిగిపోవాలి. కానీ బాబాయి అంతదాకా ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. జవాబు వచ్చేదాకా రిమైండరు మీద రిమైండరు పంపేవాడు. ఈ కంపెనీకి మాత్రం ఒక్క ఉత్తరం రాసి ఊరుకున్నాడు.

"ఏంటి బాబాయిగారూ, వీళ్ల మీద ఇంత దయ?" అంది సెక్షనాఫీసరమ్మ.

"చిన్న కంపెనీ మేడమ్. ఎన్నిసార్లని విసిగిస్తాం?"

"మీరేనా ఈ మాటంటోంది? పోయినేడు కాలికి కట్టుతో పడుకున్న ఇంజనీరుని కూడా వదల్లేదు."

"ఆయన చేతులకేం కాలేదు కదండీ."

గడువు దగ్గరపడుతుండగా ఒకరోజు జలుబుతో తల దిమ్మెక్కి, బాబాయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. అక్కయ్య మంచం మీద కళ్లు తెరుచుకునే ఉంది. గుమ్మంలో తమ్ముణ్ని చూడలేదు. ఎవరికోసమో చెవి ఒగ్గి వింటున్నట్టుంది. దూరంగా సన్నటి రొద పుట్టింది. దగ్గరైంది. గూట్లో గ్లాసులు గలగలమన్నాయి. గది మొత్తం నీళ్ల మీద తొట్టిలా ఊగినట్టనిపించింది బాబాయికి. రొద డాబా దాటేసరికి అక్కయ్య రెప్పలు వాలాయి. అది పూర్తిగా పోయేసరికి గురక అందుకుంది.

లేచేసరికి సాయంత్రమైంది.

"ఎప్పుడొచ్చావురా?"

"విమానం కంటే ముందే. అక్కా, ఆ చప్పుడు నీకు..."

"చప్పుడేంట్రా. అచ్చం అమ్మ కుట్టుమిషనే. నువ్వు పుట్టకముందు దాని పక్కనే చాపేసుకుని పడుకునేదాన్ని. ఇది వచ్చిందంటే ఒళ్లు తేలిపోతుంది. ఆదివారం రాదు చూడు, ఆ రోజు చచ్చే చావు."

బాబాయి గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మర్నాడు ఆఫీసు తెరవగానే కంపెనీకి ఫోను చేశాడు. ముసలి ఇంజనీరు ఎత్తాడు.

"కొలవలేదనుకుంటున్నారా సార్? కొలిచాం. మా రన్‌వే పక్కన మడుగుంది. విమానం మొదలెట్టగానే కప్పలూ మొదలెడతాయి. అంకె చూస్తే అందులో విమానమెంతో కప్పలెంతో తేలట్లేదు."

"మైకు వేరే చోట పెట్టొచ్చుగా?"

"దానికి మీ అనుమతి కావాలి. మీ రెండో ఉత్తరం రాగానే అడుగుదామనుకున్నాం. మొదటిదానికి జవాబివ్వక్కర్లేదట కదా? అన్ని కంపెనీలవాళ్లూ అదే చెప్పారు."

బాబాయి ఫోను పెట్టేసి కిటికీలోంచి లిఫ్టు గోడ వంక చూశాడు. ఆ పూటే అనుమతి కాగితం మీద సెక్షనాఫీసరమ్మ చేత సంతకం పెట్టించాడు. ఇంజనీరు మైకుని మెట్ట మీదికి మోసుకెళ్లి కొలిచి, గడువు చివరి రోజున అంకెలు పంపాడు. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. దిగేటప్పటిది ఎనభై ఒకటి. ఆస్పత్రులున్న పేటల మీద, అంటే బాబాయి పేట మీద కూడా, మధ్యాహ్నం నిశ్శబ్దవేళలో ఎగరాలంటే ఎనభై దాటకూడదు.

"ఈ ఒక్కటీ ఏదైనా కప్పదేమో చూడండి," అన్నాడు ఫోనులో, ఆశ చావక.

"కప్పలు లేవు సార్, ఒట్టు. అది మా విమానమే."

చేతిలో కలం చాలాసేపు ఎగిరింది, దిగడానికి చోటు దొరకనట్టు. చివరికి ఎనభై ఒకటే వేశాడు.

ఇంటికొచ్చి తలొంచుకుని చెప్పాడు. "అంకె ఒక్కటెక్కువొచ్చింది. వచ్చే నెల నుంచి మధ్యాహ్నం రాదక్కా. నిశ్శబ్దవేళ అయ్యాక, సాయంత్రం వస్తుంది."

"ఒక్క అంకె ఎక్కువైనందుకా? ఎవడు రాశాడ్రా?"

"నేనే."

"నువ్వే రాస్తావు. నేను కూరలో ఉప్పెక్కువేస్తే వీధంతా చెప్పొచ్చినవాడివి." ఆవిడ కాసేపు ఆలోచించింది. "సాయంత్రమంటే నువ్వు ఇంటికొచ్చే వేళకేగా? పోనీలే. నా నిద్రకేం ఆఫీసా, కచేరీయా. నువ్వూ వినొచ్చు."

ఆ రోజు రానే వచ్చింది. బాబాయి మంచం పక్కన చాప వేసుకుని, బూట్లు విప్పడం కూడా మరిచిపోయి పడుకున్నాడు. రొద దూరం నుంచి బయల్దేరింది. ఎనభై ఒకటి ఎలా ఉంటుందో వెతుక్కున్నాడు: వడగళ్లు కాదు, పిండిమర కాదు. డాబా మీదికొచ్చాక దొరికింది. ఎవరో కాలితో తొక్కుతున్నారు, ఆగకుండా, పొడుగ్గా ఏదో కుడుతున్నారు. ఆ బట్ట అంచు ఆయన మొహం మీదుగా వెళ్లింది.

"అక్కా, అమ్మ మిషన్ ఇదేనా?" అన్నాడు.

పైన మంచం మీంచి గురక వినిపిస్తోంది. అదెంతుంటుందో లెక్కకడదామనుకుంటూనే ఆయనా నిద్రపోయాడు.