ట్రౌడే చూడని గోల్స్

ఆట ఉన్న రోజు పొద్దున్నుంచి వాల్ట్రౌట్ కుబియాక్, అంటే మా ట్రౌడే, గొంతు తడుపుకునేది కాదు. కాఫీ లేదు, నీళ్ళు లేవు, బీరు మాట అసలే లేదు. చుట్టూ మగవాళ్ళు గ్లాసు మీద గ్లాసు ఖాళీ చేస్తుంటే ఆవిడ ఎండిన నాలుకతో జర్మనీలోని మా రోట్‌బాహ్ ఊరి ఫుట్‌బాల్ జట్టు పాటలు పాడేది. కారణం ఒక్కటే. మా మైదానంలో నిలబడి ఆట చూసే దక్షిణపు మెట్ల వెనక మగవాళ్ళకి మరుగుదొడ్డి ఉంది. ఆడవాళ్ళకి లేదు.

ఆ మెట్లు కట్టినప్పుడు ఊరంటే బొగ్గు గని, ఆట చూసేదంటే గనిలో దిగే మగవాళ్ళు. తర్వాత గని మూతపడింది, ఆడవాళ్ళు వచ్చి మెట్లు సగం నింపారు, మరుగుదొడ్డి లెక్క మాత్రం మారలేదు. మాకు అవసరం పడితే మైదానం సగం చుట్టి, కార్ల మధ్యనుంచి నడిచి, కుర్చీలున్న స్టాండు కిందకి వెళ్ళాలి. గేటు దగ్గర టికెట్టు చూపించాలి, వరసలో నిలబడాలి, అదే దారిన తిరిగి రావాలి.

ట్రౌడే ఎవరితోనూ గొడవపడలేదు. జీవితమంతా ట్రాము నడిపింది. "ఆపుకోవడం మా ఉద్యోగంలో భాగమే కదా" అని నవ్వేసేది. అలా ఆపుకునీ ఆపుకునీ చివరికి కిడ్నీలో రాయి తెచ్చుకుంది. ఇకనుంచి రోజంతా నీళ్ళు తాగాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అదీ ఏ ఏడాది? మేం జర్మన్ కప్పు గెలిచి, మొట్టమొదటిసారి యూరప్ పోటీలో చోటు సంపాదించిన ఏడాది.

లీగులో మొదటి ఆట. ట్రౌడే సీసాడు నీళ్ళు తాగింది, కాసేపు ఓర్చుకుంది, ఇక తప్పక బయల్దేరింది. కార్ల దగ్గరికి చేరేసరికి వెనక మైదానం దద్దరిల్లింది. మావాళ్ళు గోలు కొట్టారు. తిరిగొచ్చి, మెట్ల మీద ఎప్పుడూ తను ఆనుకునే ఇనప కమ్మీ పట్టుకుని, "ఎలా పడిందే?" అని నన్నడిగింది. నేను చేతులతో అభినయించి చూపించాను. రెండో ఆటలో కూడా అంతే. జర్మన్ కప్పు ఆటలో ఆవిడ వరసలో నిలబడి ఉండగా రెండు పడ్డాయి.

ఇది కనిపెట్టినవాడు హార్ట్‌ముట్. ఇళ్ళకి పైకప్పులు వేస్తాడు, మా వెనక మెట్టు మీద డోలు వాయిస్తాడు.

"వదినా, గమనించావా? నువ్వు అటెళ్తేనే మనకి గోలు పడుతోంది."

"ఒరేయ్, నేనెళ్ళేది గోలు కోసం కాదురా."

"ఎందుకెళ్తే ఏంటి? వెళ్ళు చాలు. ఇదిగో, ఒక బీరు కూడా తాగు. ఖర్చు నాది."

అక్కడితో మొదలైంది. ఆట కాస్త మందగిస్తే చాలు, మెట్ల మీదున్న మగవాళ్ళంతా ఒక్క గొంతుతో "వెళ్ళమ్మా ట్రౌడే, వెళ్ళు!" అని అరిచేవారు. దారిచ్చి, భుజం తట్టి మరీ సాగనంపేవారు. యూరప్ పోటీలో నార్వే జట్టు వచ్చినప్పుడు అవసరం లేకపోయినా పంపించారు. గెలిచాం. ఊరంతా సంబరం. ట్రౌడే మాత్రం శీతాకాలం వచ్చేదాకా ఆ ఏడు మా మైదానంలో ఒక్క గోలైనా కళ్ళారా చూడలేదు.

"ఇంటికెళ్ళి టీవీలో చూస్తున్నానే" అంది నాతో. "టికెట్టు కొనుక్కుని, చలిలో నిలబడి, చివరికి టీవీలో! నాకు ఒక్కటి చాలు. ఇక్కడ, ఈ కమ్మీ పట్టుకుని చూడాలి."

మా క్లబ్బు సభ్యులది. ఏటా జరిగే సభలో ఏ సభ్యుడైనా తీర్మానం పెట్టొచ్చు, చెయ్యెత్తి ఓటేయొచ్చు. నవంబరు సభలో ట్రౌడే లేచి దక్షిణపు మెట్ల వెనక ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కట్టాలని అడిగింది. హార్ట్‌ముట్ వెంటనే లేచాడు.

"వదిన కష్టం నాకు తెలియంది కాదు. కానీ మరుగుదొడ్డి దగ్గర్లోకి వచ్చేస్తే నడక తగ్గిపోతుంది. నడక తగ్గితే గోలు ఎప్పుడు పడాలి? ముందు యూరప్ సంగతి తేలనివ్వండి!"

హాలంతా నవ్వు, చప్పట్లు. వేదిక మీద అధ్యక్షుడు ఫెల్డ్‌హౌస్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు. తీర్మానం ఓడిపోయింది. నవ్వుతూ ఓడించినప్పుడు ఓడినవాళ్ళు కూడా నవ్వాలి, లేకపోతే సరదా తెలియని మనిషంటారు. ట్రౌడే నవ్వలేదు. కోటు గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

మార్చిలో డెన్మార్క్ జట్టుతో యూరప్ ఆట. అక్కడికెళ్ళి ఆడినప్పుడు ఎవరూ గోలు కొట్టలేదు. ఇక్కడ గెలిచినవాళ్ళే ముందుకి. సగం ఆటైనా సున్నా–సున్నాయే. విరామానికి ఈల వేయగానే హార్ట్‌ముట్ దారి చూపించాడు. "వదినా, ఇక నీ చేతిలోనే ఉంది."

"వెళ్తున్నానురా" అంటూ ట్రౌడే మెట్లు దిగి, కుడివైపు తిరగాల్సింది ఎడమవైపు తిరిగింది. నేరుగా మగవాళ్ళ దొడ్డి తలుపు దగ్గర నిలబడి, ట్రాములో స్టాపు పేరు చెప్పే గొంతుతో ప్రకటించింది: "ఇవాళ ఇది ఆడవాళ్ళకి. లోపలున్నవాళ్ళు ముగించుకుని దిగండి!"

మెట్ల మీదున్న ఆడవాళ్ళమంతా ఒక్కొక్కరుగా వచ్చి వరస కట్టాం. లోపల తలుపున్న గదులు రెండే. వరస ఎక్కడ కదులుతుంది? కాపలా ఉన్న అమ్మాయి ఆకాశంలో ఏదో చాలా శ్రద్ధగా చూడసాగింది. ట్రౌడే అందరికన్నా ముందు వెళ్ళొచ్చి, ఆట మొదలయ్యేలోపు తన కమ్మీ దగ్గరికి చేరింది. నేను వెంట ఉన్నాను.

"ఇదేంటి వదినా, ఇక్కడ వెళ్తే లెక్కలోకి రాదు! అటు నడవాలి!" హార్ట్‌ముట్ మొత్తుకున్నాడు. మాట్లాడుతూనే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతున్నాడు. నాలుగు బీర్లు పట్టించాడు.

"మరి నువ్వెళ్ళు. దారి తెలుసుగా? కార్లు దాటాక గేటు. టికెట్టు తీసుకెళ్ళు."

కాసేపు పళ్ళు బిగబట్టాడు. తర్వాత డోలు నా చేతిలో పడేసి పరుగెత్తాడు. వాడు కార్ల దగ్గరికి చేరి ఉంటాడు, మా ఆటగాడు కొట్టిన వంకర బంతి డెన్మార్క్ ఆటగాడి పిర్రలకి తగిలి దారి మార్చుకుని, గోల్ కీపరు అటు దూకుతుంటే ఇటు దొర్లుకుంటూ వలలో పడింది. అంతకన్నా అనాకారి గోలు నేనెప్పుడూ చూడలేదు. ట్రౌడే కమ్మీ పట్టుకుని పసిపిల్లలా ఏడ్చింది. "ఎంత బావుందే! ఎంత బావుందే!" అంటూనే ఉంది.

హార్ట్‌ముట్ రొప్పుతూ వచ్చి అడిగాడు. "ఎలా పడింది?"

"ఇంటికెళ్ళి టీవీలో చూసుకో నాయనా" అంది ట్రౌడే.

తర్వాతి రౌండులో ఓడిపోయాం. లీగులో మధ్యలో ఎక్కడో మిగిలాం. కానీ మెట్ల మీది మగవాళ్ళు కొత్త నిజం కనిపెట్టారు. గోలు తెచ్చే కాలు హార్ట్‌ముట్‌దేనట. మిగిలిన ఆటలన్నిటిలో వాడి చేతికి బీరిచ్చి, "వెళ్ళు హార్ట్‌ముట్, వెళ్ళు!" అని కార్లవైపు తరిమారు. ఒక్క గోలూ చూడలేదు పాపం. మే నెలలో వాడే ట్రౌడే ఇంటికొచ్చి, తీర్మానం మళ్ళీ పెడితే బలపరుస్తూ సంతకం చేస్తానన్నాడు. అన్యాయం తన మూత్రాశయం దాకా వస్తేగానీ అర్థం కాలేదు. సరే, అర్థమైంది, అది చాలు.

ఈ నవంబరు సభకి ఆ తీర్మానం మళ్ళీ వస్తోంది. మా క్లబ్బు సభ్యులైతే ఆ సాయంత్రం ఇంట్లో ఉండిపోకండి. వచ్చి చెయ్యెత్తండి. సభ్యులు కానివాళ్ళు ఈ వారం మీ ఊరి మైదానానికో, బస్టాండుకో, మార్కెట్టుకో వెళ్ళినప్పుడు ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఎక్కడుందో చూడండి. తాళం వేసి ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. అసలు లేకపోతే ఎప్పుడు కడతారని అడగండి. నలుగురి ముందు, గట్టిగా అడగండి. వాళ్ళు నవ్వితే మీరు నవ్వకండి.