నిప్పు ముట్టని వంటవాడు

ఏలియాకు ఆ పేరు పెట్టిన పాస్టరుగారికి దూరదృష్టి ఉందని చెప్పలేం. ఆ పేరుగల ప్రవక్త ప్రార్థిస్తే ఆకాశం నుంచి అగ్ని దిగి, నీళ్ళు పోసి తడిపిన కట్టెలను సైతం దహించిందని ఆయనే ఏటా ప్రసంగించేవారు. మన ఏలియా పెట్టెడు అగ్గిపుల్లలు గీసినా ఎండిన కొబ్బరిపీచు అంటుకునేది కాదు. చీరాల పక్కన మిషన్ కాంపౌండులో ముప్ఫై రెండేళ్ళు బతికి, అందులో పదకొండేళ్ళు హాస్టలు పిల్లలకు అన్నం వడ్డించి, ఆ అన్నం గిన్నెలోకి రాకముందు ఏ స్థితిలో ఉండేదో ఏనాడూ విచారించని నిగ్రహశాలి అతను.

అటువంటివాడు 1976 ఏప్రిల్లో ఒమాన్‌లో దిగాడు. వీసా మీద రాసిన వృత్తి, వంటవాడు.

దీన్ని మోసం అనడం తొందరపాటు. బొంబాయి ఏజెంటు దగ్గర ఆ వారం మూడు వీసాలే మిగిలాయి. ఒకటి క్రేను నడిపేవాడిది, ఒకటి సముద్రంలో మునిగి పనిచేసేవాడిది, ఇంకొకటి వంటవాడిది. ఏలియా మూడింటినీ ధర్మబుద్ధితో తూచి చూశాడు. క్రేను నడిపితే కిందున్నవాళ్ళు పోతారు. సముద్రంలో దిగితే తాను పోతాడు. వంట చేస్తే ఎవరు పోయేదీ వెంటనే తేలదు.

భర్తకు నీళ్ళు కాచడం కూడా రాదని మిషన్ ఆస్పత్రిలో నర్సుగా ఉన్న మేరీకుమారికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అయినా ఆమె ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, ప్రభువు తన భర్తకు పరదేశంలో వంటపని దయచేశాడని సాక్ష్యం చెప్పింది. ఇది నిజంగా అద్భుతమేనని సంఘమంతా ఒప్పుకున్నది. ఒప్పుకున్నవాళ్ళలో, ఒకప్పుడు అతను కాచిన కాఫీ తాగి బతికి బయటపడ్డవాళ్ళు నలుగురున్నారు. అంచేత ఏలియా ఉద్యోగం పోగొట్టుకుని తిరిగివస్తే, పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. దేవుడు చేసిన అద్భుతం ఒకటి రద్దవుతుంది.

మస్కట్ దగ్గర ఘాలాలో రోడ్డు కంపెనీ క్యాంపు. ఎనభైమందికి ఒక వంటశాల, దానికి అధిపతి హైదరాబాదు నుంచి వచ్చిన అబ్దుల్ వహాబ్. తన పొయ్యి దగ్గరికి ఇంకో మనిషి నీడ పడితేనే ఆయనకు బిర్యానీ చెడిపోయినట్టుండేది. "అరె మియా, దూరం! ఉల్లిగడ్డలు కొయ్యి, చాలు!" అని మొదటిరోజే శాసనం చేశాడు. ఆ అసూయ ఏలియాను పదకొండు నెలలు కాపాడింది. ఉల్లిపాయలు కోస్తూ అతను కార్చిన కన్నీళ్ళలో సగం కృతజ్ఞతవే.

కానీ ఏడాది నిండేసరికి ఇంజినీరు దొర కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే ఉద్యోగం ఖాయం, పెట్టకపోతే బొంబాయి విమానం. తాపీమేస్త్రీగా వచ్చి వంకరగోడ కట్టిన ఒకాయనను మూడో నెలలోనే, తాపీతో సహా, విమానమెక్కించారు. ఆ దృశ్యాన్ని ఏలియా క్యాంపు గేటు దగ్గర నిలబడి కళ్ళారా చూశాడు.

1977 మార్చిలో పిలుపు వచ్చింది. ఖురియాత్ అవతల కొండల్లో కొత్త రోడ్డుకు కొలతలు తీయాలి. బండి పోయే దారి లేదు. ఎనిమిది రోజుల నడక, ఎవరి సంచి వాళ్ళ వీపున. పనిముట్లకూ నీళ్ళకూ రెండు గాడిదలు, దారి చూపడానికి ఖురియాత్ మనిషి ఒకడు. పార్టీతో ఒక వంటవాడుండాలి. అబ్దుల్ వహాబ్ తన మోకాళ్ళను తలచుకుని ఏలియాను చూపించాడు.

దొర ఏలియా చేతికి పంపుస్టవ్ ఇచ్చాడు. ఇత్తడిది, తళతళలాడుతోంది. ఏలియా దాన్ని పామును చూసినట్టు చూశాడు. అప్పుడు అతని నోటివెంట ఒక మాట వచ్చింది. అది దేవుడు పలికించాడో, బొంబాయి విమానం పలికించిందో మనం చెప్పలేం.

"సార్, ఇవి మా నలభై శ్రమల దినాలు. ఈస్టరుదాకా నిప్పు ముట్టనని మొక్కుబడి చేసుకున్నానండి."

దొర కూడా క్రైస్తవుడే. అంటే పెద్దయ్యాక పెళ్ళికొకసారి, చావులకు రెండుసార్లు చర్చికి వెళ్ళినవాడు. తన మతంలో ఏముందో తనకే సరిగ్గా తెలియనివాడు ఎదుటివాడి మొక్కుబడిని ఏ ముఖం పెట్టుకుని ప్రశ్నిస్తాడు? ఎర్రబడి, దగ్గి, మరి తినడానికేమిటని మాత్రం అడిగాడు.

"నిప్పు లేకుండానే అన్నీ చేస్తానండి. స్టవ్ బరువు తగ్గుద్ది, కిరసనాయిలు బరువు తగ్గుద్ది, గిన్నెలు అసలే అక్కర్లేదు."

బరువు తగ్గుతుందన్న మాట దొర మతానికి దగ్గరగా ఉంది. వెంటనే ఒప్పుకున్నాడు.

ఏలియా రూమ్మేటు నసీరుద్దీన్ కడప మనిషి, సర్వే గొలుసు లాగేవాడు. విషయం విని మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"మేం రంజాన్లో గూడా పొద్దు మునిగినాంక పొయ్యి ఎలిగిస్తాం గదప్పా! నలబై దినాలు నిప్పే వద్దంటాడా? మీ దేవుడు శానా గట్టోడే."

"దేవుడి జోలి ఎందుకులే భాయ్. మత్రా బజారుకెల్దాం పద."

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఏలియాకు ఒక్క విద్య వచ్చు. తల్లి కృపాబాయి అతన్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదుగానీ రోకలి మాత్రం చేతికిచ్చేది. ఆమె చిమ్మిలి చేసే రోజుల్లో నువ్వులూ బెల్లమూ దంచింది అతనే. పదేళ్ళ వయసు నుంచి ఆ రోటి పక్కన కూర్చున్న పుణ్యం ఊరికే పోలేదు.

మత్రాలో నువ్వులు, బెల్లం, వేయించిన వేరుశనగలు, పుట్నాలపప్పు, అటుకులు, ఒక తట్ట ఖర్జూరం కొన్నారు. రోలు దొరకలేదు. ఇక్కడివాళ్ళు ఖహ్వాకు కాఫీ గింజలు దంచుకునే చిన్న ఇత్తడి రోలు ఒకటి దొరికింది, గంటలా మోగేది. రెండు రోజులు రూమ్‌లో ఆ మోతకు పక్క రూములవాళ్ళు ఎక్కడో చర్చి కట్టారనుకున్నారు. ఏలియా ఖర్జూరాలను కడగనివ్వలేదు, పొడిబట్టతో తుడిపించాడు. తడి తగిలితే మూడోరోజుకే పులుస్తాయి. గింజలు తీసి, వేరుశనగ పలుకులు కచ్చాపచ్చాగా దంచి కలిపి, ఏలకులు చల్లి, నువ్వుల్లో దొర్లించి నిమ్మకాయంత ఉండలు చుట్టాడు. చిమ్మిలి వేరే. పుట్నాలపప్పు, ఎండుకారం, ఉప్పు, వెల్లుల్లి కలిపిన పొడి వేరే. దానికి పులుపు కోసం ఇక్కడివాళ్ళు కూరలో వేసే నల్లని ఎండు నిమ్మకాయలు దంచి కలిపాడు. దారిలో అటుకుల మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి, ఈ పొడీ ఉల్లిపాయ ముక్కలూ కలిపితే భోజనం. ఉల్లిపాయలు కోయడంలో అతన్ని మించినవాడు మస్కట్ మొత్తానికి లేడు గదా! ఉండలను సర్వే ఆఫీసువాళ్ళు పారేసిన డ్రాయింగు కాగితాల్లో చుట్టారు. అంచేత ప్రతి చిమ్మిలి ఉండ మీదా ఏదో ఒక కొండ ఎత్తు రాసి ఉండేది.

మొదటి రెండు రోజులు ఏలియా వైభవం వర్ణనాతీతం. దొర నడుస్తూనే ఉండ నోట్లో వేసుకుని, ఆగకుండా పని సాగుతోందని మురిసిపోయాడు. వంట కోసం గంట, గిన్నెలు తోమడానికి గంట ఎలా ఆదా అవుతున్నాయో నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మూడోరోజు కరీంనగర్ భూమయ్య, కొలతకర్ర మోసేవాడు, అటుకుల పళ్ళెం చూసి నిట్టూర్చాడు.

"గిదేంది ఏలియన్నా, పొద్దుగాల ఉండ, పగటీలి ఉండ, మాపటీలి గీ అటుకులు. కడుపుల ఏడి బువ్వ వడి మూడొద్దులాయె. నీ మొక్కు నీది, మాకెందుకు శిక్ష?"

"ఓపిక పట్టు భూమయ్యా. ఆత్మకు మంచిది."

"ఆత్మకు గాదు, నా పండ్లకు జెప్పు!"

అయిదోరోజు ఒక కొండపల్లె చేరారు. ఊరి పెద్దాయన అతిథులను చూసి, మారుమాట లేకుండా మేకను కోయించాడు. పెద్ద పళ్ళెంలో పొగలు కక్కే అన్నం, దాని మీద మాంసం. తాను నిప్పు ముట్టనన్నాడుగానీ, నిప్పు ముట్టిన అన్నం తిననని ఎక్కడా అనలేదు. చేతులు కడుక్కుని పళ్ళెం వైపు జరిగాడు.

దొర మర్యాదస్తుడు. అదే ఏలియా పాలిట శాపమైంది. ఈ మనిషి దీక్షలో ఉన్నాడని దారి చూపేవాడి చేత పెద్దాయనకు చెప్పించాడు. ఆ మాట వినగానే పెద్దాయన లేచి నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఏలియాను గౌరవంగా పళ్ళెం దగ్గర నుంచి తీసుకెళ్ళి వేరే చాప మీద కూర్చోబెట్టాడు. ముందు ఒక గిన్నెడు ఖర్జూరం పెట్టాడు. ఊరివాళ్ళు వరసగా వచ్చి ఆ భక్తుడిని చూసి వెళ్ళారు.

భూమయ్య ఎముక చప్పరిస్తూ అటే చూస్తూ తిన్నాడు.

"ఏలియన్నా, కూర జర ఉప్పెక్కువైంది. తిననిదే నయం పో!"

"అట్ల సెప్పి ఆయప్పను ఏడిపించొద్దు బా," అన్నాడు నసీరుద్దీన్, ఇంకో ముక్క తీసుకుంటూ. "పుణ్యం యాడికి పోతాదిలే."

ఏలియా ఆరోజు ఎనిమిది ఖర్జూరాలు తిన్నాడు. గింజలు ఒక్కొక్కటే లెక్కపెట్టి పక్కన పెట్టాడు. అది తప్ప చేయడానికి ఇంకేమీ లేదు.

ఘాలా తిరిగి వచ్చాక ఈస్టరుకు పదిహేడు రోజులు మిగిలాయి. ఈలోగా అన్నం, కూర, ఒక పులుసు నేర్చుకుంటే గండం గడుస్తుందని ఏలియా అబ్దుల్ వహాబ్ దగ్గరికి వెళ్ళాడు. మొట్టమొదటిసారి తనంతట తాను.

"వహాబ్ భాయ్, నాలుగు రోజులు పొయ్యి దగ్గర నిలబడనీయండి. చూసి నేర్చుకుంటా."

"తోబా, తోబా! ఉపాసంల ఉన్నోణ్ణి పొయ్యి కాడికి ఎట్ల రానిస్త మియా? నీ పాపం నాకు తగుల్తది. ఉల్లిగడ్డలు కొయ్యి."

భక్తుడిగా పేరు తెచ్చుకోవడంలో ఉన్న చిక్కు ఇదే. జనం నమ్మేస్తారు.

ఈస్టరు ఆదివారాన్ని ఏలియా మరిచిపోయినట్టు నటించినా దొరకు గుర్తుంది. డైరీలో గీత గీసుకున్నాడు. పనివేళ ముగియగానే ఒక చేతిలో పొట్టేలు తొడ, ఒక చేతిలో ఆ ఇత్తడి పంపుస్టవ్, చొక్కాజేబులో మడిచిన కాగితంతో వంటశాలకు వచ్చాడు. నసీరుద్దీన్, భూమయ్య, ఇంకో ఇరవైమంది గుమిగూడారు. దొర గంభీరంగా అగ్గిపెట్టె తీసి, రిబ్బను కత్తిరించమని మంత్రిగారికి కత్తెర ఇచ్చినట్టు, ఏలియాకు ఇచ్చాడు.

మొదటి పుల్ల విరిగింది. రెండోది వెలిగి ఆరింది. మూడోది వేలు కాల్చింది. ఏలియా స్టవ్ వైపు చూశాడు, పొట్టేలు తొడ వైపు చూశాడు, దొర జేబులోని కాగితం వైపు చూశాడు. ఇక దాచి లాభం లేదు. అగ్గిపెట్టె కింద పెట్టి, చేతులు కట్టుకుని, తల వంచి, మిషన్ బడి ఇంగ్లీషులో చెప్పేశాడు.

"సార్, నేను అబద్ధికుణ్ణి. నాకు ఏమీ చేతకాదు. ఈ పనికి నేను తగను. ఏడాది నుంచి మిమ్మల్ని మోసం చేశాను. మీరేం చేసినా నాకు తగిందే."

దొర మెల్లగా టోపీ తీశాడు. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని చర్చిలో మోకాళ్ళ మీద ఇంచుమించు ఇవే మాటలు చెప్పినట్టు అతనికి లీలగా జ్ఞాపకముంది. పండుగనాడు ఈ తెలుగువాళ్ళు ఇంత శ్రద్ధగా, అదీ బాహాటంగా, పాపాలు ఒప్పుకుంటారని అతను ఊహించలేదు. కళ్ళు చెమర్చాయి.

"మనమందరమూ అంతే ఏలియా," అని, జేబులోంచి కాగితం తీసి స్టవ్ మీదే పెట్టి సంతకం చేశాడు.

"సార్, నేను చెప్పేది వంట గురించండి..."

"నాకు అర్థమైంది," అన్నాడు దొర, అర్థమైనవాళ్ళందరిలాగే. ఏలియా చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపి, భోజనం వేళకు వస్తానని వెళ్ళిపోయాడు.

పొట్టేలు తొడ మిగిలింది. అబ్దుల్ వహాబ్ ముందుకొచ్చి ఏలియాను భుజంతో తోశాడు.

"హట్! గోష్త్ ఖరాబు చేస్తవ్."

"వహాబ్ భాయ్... నాకు వంట రాదని మీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. గంటెను చీపురుకట్ట లెక్క పట్టినవ్."

"మరి దొరతో చెప్పలేదేం?"

అబ్దుల్ వహాబ్ ఈ ప్రశ్నకు నిజంగా ఆశ్చర్యపోయాడు. "నువ్వు పోతే ఉల్లిగడ్డలెవరు కోస్తరు మియా?"

ఆ విధంగా ఏలియా ఒమాన్‌లో ఖాయమైన వంటవాడయ్యాడు. తరువాత రెండేళ్ళలో కంపెనీ ఆరు సర్వే పార్టీలను కొండల్లోకి పంపింది. స్టవ్ మోయనక్కరలేదని అన్నిటికీ అతన్నే పంపింది. అప్పటికి భూమయ్య పని మార్చుకుని గోడౌనులో చేరాడు.

1979లో రెండు నెలల సెలవు మంజూరైంది. మేరీకుమారికి ఉత్తరం రాశాడు. జవాబు పన్నెండో రోజున వచ్చింది.

"మీరు వస్తున్నారని చర్చిలో ప్రకటన చేశారు. ఈస్టరు మర్నాడు ప్రేమవిందు పెడుతున్నారు. మూడువందల మందికి వంట మీ చేతనే చేయించాలని పెద్దలు తీర్మానించారు. వద్దని నేనెలా అనను? సాక్ష్యం చెప్పింది నేనే కదా."

ఏలియా వెంటనే తిరుగు టపాలో రాశాడు. విందు ఒక్కరోజు ముందుకు కాదు, ఒక నెల ముందుకు, శ్రమల దినాల్లోకి జరపడానికి వీలుంటుందేమో పెద్దలను కనుక్కోమన్నాడు. చిమ్మిలి చేస్తానన్నాడు. ఎంతమందికైనా సరేనన్నాడు.

మేరీకుమారి జవాబు ఈసారి కార్డు మీద, ఒకటే వాక్యం:

"కట్టెలు కొట్టించేశారు."