రీవాల్యుయేషన్ మాస్టారు

ఆ కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారు ఏ తీర్పునూ మొదటిసారికే ఒప్పుకునే మనిషి కారు. కూరలో ఉప్పెక్కువైందని ఇంటిల్లిపాదీ తేల్చేస్తే, "రీవాల్యుయేషన్‌కి పెడదాం" అని ఇంకో ముద్ద కలుపుకునేవారు. డాక్టరు బీపీ ఎక్కువుందంటే రెండో చెయ్యి చాపేవారు. బస్సు వెళ్లిపోయిందని చెబితే, "ఎవరు చూశారు?" అని అడిగి మరో పావుగంట అక్కడే నిలబడేవారు.

అలాంటి మనిషి ఒకే ఒక్క తీర్పుని నోరెత్తకుండా ఒప్పుకున్నారు. ఆ ఏడు కొత్తగా పిల్లల చేత లెక్చరర్లకి అంకెలు వేయించారు. ఒకటి నుంచి ఐదు వరకు, పక్కన ఒక మాట. మాస్టారికి సగటు 4.8 వచ్చింది. ఉత్తమ అధ్యాపకుడని కాలేజీ పత్రమిస్తే, ఫ్రేము కట్టించి స్టాఫ్‌రూంలో తన కుర్చీ వెనక మేకుకి తగిలించుకున్నారు. రోజూ జేబురుమాలుతో తుడిచేవారు.

"దీన్ని రీవాల్యుయేషన్‌కి పెట్టరా సార్?" అని అందరూ ఏడిపించేవారు.

"అన్నీ పెట్టకూడదయ్యా. కొన్ని కరెక్టుగానే దిద్దుతారు" అనేవారు.

ఆ స్టాఫ్‌రూంలోనే, వాష్‌బేసిన్ పక్క బల్ల దగ్గర, గణాంకశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ కూర్చునేది. ఎనిమిదేళ్లుగా ఆమె ఆ కాలేజీలో ప్రతి ఏడూ కొత్తగా చేరుతూనే ఉంది. పర్మనెంటు వాళ్లు చెప్పే సిలబస్సే ఆమెదీ, వాళ్లు పట్టే సుద్దముక్కే ఆమెదీ. కుర్చీకి మాత్రం ఒక కాలు పొట్టి. ఒక సోమవారం ఆమె బల్ల మీదికి మెమో వచ్చింది. సగటు 1.3. మూడుకి తగ్గినందున వచ్చే ఏడాదికి కాంట్రాక్టు పొడిగించబోము.

గంట కొట్టారు. ఆమె లేవలేదు.

"క్లాసుకి వెళ్లవామ్మా?" అన్నారు మాస్టారు.

"ఏ మొహంతో వెళ్లను సార్? అరవై మంది కలిసి నాకు ఒకటి వేశారు. ఎవర్ని చూసినా ఒకటి అంకెలాగే కనబడుతున్నారు."

"కూడిందెవరు?"

"ఆఫీసు వాళ్లు."

"నువ్వు కాయితాలు చూశావా?"

"చూడనివ్వరుగా."

"సగటుని గుడ్డిగా నమ్మొద్దని పిల్లలకి చెప్పేదానివి నువ్వే కదా. నీ సగటు రాగానే నమ్మేశావే. రీవాల్యుయేషన్‌కి పెడదాం."

"లెక్చరర్లకి అలాంటిది లేదు మాస్టారూ."

"లేదని ఎక్కడ రాసుంది? మూడు మార్కులు తగ్గిన పిల్లాడికి మళ్లీ దిద్దించుకునే హక్కుంది. ఎనిమిదేళ్లు చాకిరీ చేసిన మనిషికి లేదా? ఇప్పుడు నీ ఫలితం పెండింగులో ఉంది. పెండింగులో ఉన్నవాళ్లు పాఠం చెప్పాలి. లే."

ఆమె లేచింది. మంగళవారమూ లేచింది. బుధవారం తలెత్తి పిల్లల్ని చూస్తూ చెప్పింది. మధ్యలో ఒక జోకు కూడా వేసింది.

గురువారం మాస్టారు ఆమెను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. చేతిలో పిల్లల రీవాల్యుయేషన్ ఫారం. హాల్‌టికెట్ నంబరు దగ్గర ఆమె కాంట్రాక్టు ఆర్డరు నంబరు వేశారు. 'తండ్రి లేదా సంరక్షకుని సంతకం' దగ్గర తనే సంతకం పెట్టారు.

"ఇది పిల్లల ఫారం కదండీ" అన్నాడు ప్రిన్సిపాల్.

"పెద్దలకి మీరు అచ్చెయ్యలేదు కదండీ."

"నేను ఒప్పుకోకపోతే?"

"బయట మెట్ల మీద కూర్చుంటాం. కాంట్రాక్టు వాళ్లు పదిహేడు మంది, నాతో పద్దెనిమిది. మెట్లు పన్నెండే. కాస్త ఇరుక్కోవాలి."

ప్రిన్సిపాల్ కిటికీలోంచి మెట్లవైపు చూశాడు. ఎవరో అప్పుడే పేపరు పరిచి చోటు పట్టుకున్నారు. ఆమె కాయితాల కట్ట తెమ్మని సూపరింటెండెంటుకి చెప్పాడు.

మొదటి కాయితం మీద పిల్లల రాత: 'మేడమ్ చెప్పాక లెక్కలంటే వణుకు పోయింది.' పక్కన అంకె 1. రెండోది: 'ఈమె క్లాసు కోసమే కాలేజీకి వస్తున్నా.' అంకె 1.

"తిట్టి ఒకటేస్తే అర్థముంది. పొగిడి ఒకటేమిటి?" అన్నాడు సూపరింటెండెంటు.

"బళ్లో వేసినప్పట్నుంచీ ఒకటో ర్యాంకు, ఒకటో ర్యాంకు అని వాళ్ల చెవులు ఊదరగొట్టింది మనమే కదా. పాపం, ఒకటే గొప్పదనుకున్నారు. ఐదు గొప్పదని మీ ఫారం మీద ఎక్కడుందో చూపించండి" అన్నారు మాస్టారు.

ప్రిన్సిపాల్ ఫారాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా లేదు. అప్పుడు ఆయనకి తన సగటు గుర్తొచ్చింది. 4.6.

"అయితే అందరివీ తిరగెయ్యాలంటారా?" అన్నాడు నీరసంగా.

"అందరివీ."

"మీకు 4.8 కదండీ."

"నా అనుమానం అక్కడే మొదలైందండీ" అన్నారు మాస్టారు. సూపరింటెండెంటు ఆయన కట్టలోంచి ఒకటి తీసి, నవ్వాపుకుంటూ చదివాడు: 'సార్ క్లాసులో నిద్ర హాయిగా పడుతుంది. 5.'

సాయంత్రానికి మెమో రద్దయింది. అంతటితో వదల్లేదు మాస్టారు. ఇకమీదట కాయితాలు చూపించకుండా ఎవరి కాంట్రాక్టూ ఆపబోమని ప్రిన్సిపాల్ చేత రాయించారు. మెట్ల మీదున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆమె పరుగున స్టాఫ్‌రూంకి వచ్చింది. మాస్టారి కుర్చీ వెనక ఉత్తి మేకు ఉంది.

"ఫ్రేము ఇప్పుడే తీసేశారా?" అని అటెండరుని అడిగింది.

"ఇప్పుడేంటమ్మా, సోమవారమే తీసేశారు. మీరు క్లాసుకి వెళ్లీ వెళ్లగానే."

ఆమె కట్టలో అందరూ పొగిడినవాళ్లే కాదు. 'బోర్డు మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. 3' అని ఒకరు రాశారు. పోయిన వారమైతే ఆ ఒక్క మాటకే రెండ్రోజులు అన్నం మానేసేది. శుక్రవారం ఉదయం సుద్దముక్క అడ్డంగా పట్టుకుని జానెడేసి అక్షరాలు రాసింది.

"వెనకవాళ్లకి కనబడుతున్నాయా?"

"దివ్యంగా" అని ఆఖరి బెంచీలోంచి ఒక పెద్ద గొంతు పలికింది. అక్కడ, ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని, కొత్త నోటుపుస్తకం తెరుచుకుని మాస్టారు కూర్చున్నారు.

"మీరేంటి సార్ ఇక్కడ?"

"నాకు 1.2 వచ్చింది కదమ్మా" అన్నారు మాస్టారు, పెన్ను మూత తీస్తూ. "సప్లిమెంటరీకి చదువుకుంటున్నా. నువ్వు కానివ్వు."