రాజు పడకగది దాకా

మా ఫోర్‌మ్యాన్ పోయారని శుక్రవారం పొద్దున యాన్బులోని మా పాత క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. పని పూర్తిగా మానుకుని, ఎగ్జిట్ వీసా మీద జగిత్యాల దగ్గర తన ఊరికి వెళ్ళి ఏడాది కూడా కాలేదు. నిద్రలోనే పోయారట. నేనిప్పుడు సౌదీలోనే ఇంకో మూల, ఖోబర్‌లో, అల్ అజీజియాలో ఉంటున్నాను. పెద్దదిక్కు పోయినట్టనిపించి ఆ రోజు వంట చేయబుద్ధి కాలేదు.

గల్ఫ్ క్యాంపుల్లో బతికినవాళ్ళకు ఇలాంటి పెద్దమనిషి ఒకరు తెలిసే ఉంటారు. ఆయనతో వేగడం మాటలు కాదు. గుమ్మంలో నిలబడి టీ గ్లాసు అందిస్తే పుచ్చుకునేవారు కాదు. "లోపటికన్న రా, బయటికన్న పో" అనేవారు. గడప తొక్కితే ఇక తిట్లే. ఆ చాదస్తపు మనిషే నాకు జ్వరమొస్తే పూటపూటా గంజి కాచి తాగించారు.

కొత్త యంత్రం చూసి రమ్మని కంపెనీ ఒకసారి మా ఇద్దర్నీ చైనా పంపింది. ఒక రోజు ఖాళీ దొరికితే, బీజింగ్‌లో చక్రవర్తుల పాత రాజభవనానికి పోదామని ఆయనే పట్టుబట్టారు. రెండేళ్ళకోసారి సెలవు మీద భార్య దగ్గరికి వెళ్ళొచ్చే మనిషి.

"ముప్పై ఏండ్లు బంకు మంచం మీద పన్న తమ్మీ. రాజు ఏడ పంటడో ఒక్కసారి సూడాలె."

తీరా వెళితే, పడకగదులున్న లోపలి వాకిళ్ళకు మోకాలెత్తు గడపలు. ఈయన మోకాళ్ళేమో ఎప్పుడో అరిగిపోయాయి.

"గడప మీద కాలు మోపి దాటేయండి, ఇక్కడెవరు చూస్తారండీ?" అన్నాను.

"గడప సూస్తది" అని పక్కనే మెట్టు మీద కూలబడ్డారు. "నువ్వు పోయి రా. సూసొచ్చి చెప్పు."

ఇంత దూరం వచ్చి ఇదేం పట్టుదలని నాకు ఒళ్ళు మండింది.

అంతలో ఒక చైనా ముసలావిడ మనవణ్ణి తీసుకొచ్చింది. వాడు గడప ఎక్కబోతే గభాలున వెనక్కి లాగి, ఎత్తుకుని దాటించింది. ఈయన మొహం వెలిగిపోయింది. లేచి గడపకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకున్నారు. ఆవిడ చూసి నవ్వింది. మనవణ్ణి అక్కడే నిలబెట్టి, మా వైపుకు తిరిగొచ్చి చెయ్యందించింది. ఇటు నేను, అటు ఆవిడ పట్టుకుంటే ఒక్కో కాలే ఎత్తి దాటారు. ఆ తర్వాత ప్రతి వాకిలి దగ్గరా ఆవిడ మాకోసం ఆగింది.

పడకగదిని కిటికీ అద్దంలోంచే చూడనిస్తారు. మూడు వైపులా చెక్క గోడ, ముందు తెర, చిన్న పడక. పట్టుబట్టలు తీసేస్తే, మా క్యాంపులో చుట్టూ దుప్పటి కట్టుకున్న బంకులాగే ఉంది. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ఒక్కడే పండేటోడు గావచ్చు, పాపం" అన్నారు మెల్లగా.

ఊపిరికి అద్దం మసకబారితే భుజం మీది తువ్వాలుతో తుడిచి, మళ్ళీ చూస్తూ నిలబడ్డారు.