"ఉండాది" అన్నవాడే దొంగ

నిన్న తిరుపతిలో పాత పుస్తకాల బండి మీద ఒక నవల కనిపించింది. జమీందారుల కాలంలో, కోటలో పోయిన హారాన్ని వెతికే ఆడ డిటెక్టివు కథ. చేతిలోకి తీసుకోగానే ఊరగాయ వాసన గుర్తుకొచ్చింది.

చిన్నప్పుడు పూతలపట్టు దగ్గర మా ఊళ్లో, మేము ఊరగాయకు మామిడి ముక్కలు తుడుస్తుంటే మా రాజక్క ఈ నవలే పైకి చదివింది. అద్దె పుస్తకాలకు చివరి పేజీలు ఉండేవి కావు, మీకూ గుర్తుండే ఉంటుంది. దీనికీ లేవు. దొంగెవరో తెలియలేదు.

"ఆ కోట గుమాస్తానే దొంగ," అంది అక్క. "గోదావరి నుంచి వచ్చినానంటాడు గదా. ఒక్కసోట నోరు జారి 'ఉంది' అనకుండా మన మాదిరి 'ఉండాది' అనేసినాడు సూడు. వాడు ఈడోడే!"

"అది అచ్చుతప్పు లే అక్కా! పెద్ద డిటెక్టివు బయల్దేరింది," అన్నాను. అందరూ నవ్వారు. అక్క మొహం చిన్నబోయింది. మళ్లీ ఎన్నడూ మాకు పైకి చదవలేదు.

నిన్న బండి దగ్గరే నిలబడి చివరి పేజీ చూశాను. గుమాస్తానే దొంగ. డిటెక్టివుకు పట్టించింది ఆ మాటే.

పుస్తకం కొని అక్కకు ఫోన్ చేశాను. "నువ్వు సెప్పిందే నిజం అక్కా. తప్పు నాదే."

"నాకు అప్పుడే తెలుసు లేరా. పుస్తకం తీసుకోని రా. ఈసారి నువ్వు సదువు, అచ్చుతప్పులు యాడుండాయో నేను సెప్తా."